ఎర్ర వెలుగులో గెంతు: తార్నాక పై గదిలో సాలీళ్ళ ప్రాజెక్టు డైరీ

మార్చి 2

ఇవాళ్టితో ఏడు సాలీళ్ళు చేరాయి. నాలుగు స్నానాలగది కిటికీ దగ్గర దొరికాయి, రెండు తులసి కుండీ వెనక, ఒకటి అమ్మ కందిపప్పు డబ్బా మూత మీద. అన్నీ ఒకే జాతి, హసేరియస్ అడాన్సోనీ. గూడు అల్లుకుని ఎదురుచూసే రకం కాదు. గోడ మీద తిరుగుతూ, ఆగి చూసి, పిల్లిలా పొంచి, దూకి పట్టే రకం. ఒళ్ళు సెంటీమీటరు కూడా ఉండదు. మగదానికి నల్లటి ఒంటి మీద తెల్లటి నెలవంక చార, ఆడది గోధుమరంగు. మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేవే, చూసీ చూడనట్టు వదిలేస్తాం.

నాకు జీతం వచ్చేది ఫ్రూట్ ఫ్లైల మెదడు మీద చేసే పనికి. ఆ చిన్న ఈగ మెదడులోని 1,39,255 న్యూరాన్లు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో చూపే పూర్తి పటం 2024లో వచ్చింది. సాలీడు మెదడు దగ్గరికి వచ్చేసరికి మనం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. పగలంతా ఈగల్ని చూసి ఇంటికొచ్చాక, ఆ ఈగల్ని తినే జీవి మీదికే మనసు పోతోంది. అందుకే పై గదిలో పాత సామాను సర్దించి బల్ల వేశాను.

చేయాలనుకుంటున్నది కొత్తది కాదు. 2012లో జపాన్‌కు చెందిన నగాటా, ఆయన తోటివాళ్ళు ఇదే సాలీడు మీద ఒక ప్రయోగం చేశారు. ఆకుపచ్చ వెలుగులో గురి తప్పకుండా దూకిన సాలీడు, ఎర్ర వెలుగులో ఎరకు ఇవతలే పడింది. ఆ ఒక్క సంగతి చదివినప్పటి నుంచి దాన్ని నా కళ్ళతో చూడాలని ఉంది. మా ఇంటి సాలీళ్ళతో, కోఠిలో దొరికే సామానుతో.

అమ్మ మెట్లెక్కి వచ్చి డబ్బాలన్నీ చూసింది. "గూడు కట్టనిది గదేం సాలెపురుగే? కాళహస్తిల శివునికి గుడి అల్లింది సాలెపురుగు గాదా?" అంది. ఇది దారం తీస్తుందమ్మా, గూడు మాత్రం కట్టదు, దూకే ముందు నడుముకు తాడు కట్టుకున్నట్టు దారాన్ని గోడకు అంటించి దూకుతుంది అని చెప్పాను. "అయితే మంచిదే, సంపకు మరి" అని కిందికి వెళ్ళింది. చంపనని మాట ఇచ్చాను.

మార్చి 5

ప్రయోగం మొదలుపెట్టే ముందు అసలు విషయం నాకోసం ఒకసారి రాసుకోవాలి.

దీనికి ఎనిమిది కళ్ళు. ముందున్న రెండు పెద్దవి టెలిస్కోపుల్లాంటివి: స్పష్టంగా చూస్తాయి, కానీ చాలా ఇరుకైన మేర. మిగతా ఆరూ చుట్టుపక్కల కదలికను పట్టే కాపలా కళ్ళు. పక్క కంటికి ఏదో కదిలినట్టు అనిపిస్తే ఒళ్ళంతా అటు తిప్పి, పెద్ద కళ్ళతో అదేమిటో చూస్తుంది. పెద్ద కళ్ళ ముందున్న గాజు, అంటే లెన్సు, కదలదు. వెనక బొమ్మ పడే తెర రెటీనా, అదున్న గొట్టమే కండరాలతో అటూ ఇటూ తిరుగుతుంది. శాస్త్రవేత్త మైకేల్ ల్యాండ్ 1969లో వివరంగా రాశాడు: ఒక్కో గొట్టానికి ఆరు కండరాలు, రెటీనాలో ఒకదాని వెనక ఒకటిగా నాలుగు పొరలు.

ఆ పొరల్లోనే కిటుకు. అట్టడుగున ఉన్న రెండు పొరలూ ఆకుపచ్చకే స్పందిస్తాయి. ఆకుపచ్చ బొమ్మ స్పష్టంగా పడేది అన్నిటికన్నా వెనకున్న పొర మీద. దాని ముందున్న పొర మీద అదే బొమ్మ ఎప్పుడూ మసక. సినిమా హాల్లో అసలు తెరకు కాస్త ముందు ఇంకో పల్చటి తెర కట్టినట్టు ఊహించుకోవచ్చు. ఎర దగ్గరికి వచ్చేకొద్దీ ముందు తెర మీద మసక పెరుగుతుంది, దూరం పోతే తగ్గుతుంది. ఆ మసక ఎంతో చూసి సాలీడు దూరం లెక్క కడుతుందన్నది నగాటా వాళ్ళ వాదన. మనలా రెండు కళ్ళ చూపు కలిపి లెక్కకట్టే వీలు ఈ పెద్ద కళ్ళకు లేదు. వాటి చూపులు ఒకదాని మీద ఒకటి పడవు.

ఇక ఎరుపు. గాజులో ఎర్ర వెలుగు ఆకుపచ్చంత వంగదు. బొమ్మ ఇంకా వెనక్కి జరుగుతుంది, ముందు పొర మీద మసక ఎక్కువవుతుంది. మసక ఎక్కువంటే సాలీడు లెక్కలో ఎర దగ్గరగా ఉన్నట్టు. అందుకే తక్కువ దూకుతుంది. ఇంత చిన్న ప్రాణి చూపులో జరిగే పొరపాటు ఎటువైపు జరగాలో కాగితం మీద ముందే చెప్పగలగడం, తర్వాత అది సరిగ్గా అటే జరగడం! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చి 16

పెట్టె తయారు. చేపలు వచ్చే థర్మాకోల్ పెట్టెను రెండు రోజులు ఎండబెట్టి, లోపల నల్ల చార్టు అంటించాను. అడుగున గ్రాఫ్ పేపర్. ఒక చివర ఐస్‌క్రీం పుల్లలతో చిన్న దిమ్మ, దాని ఎదురుగా మూడు సెంటీమీటర్ల దూరంలో ఎర. ఎరగా చనిపోయిన ఫ్రూట్ ఫ్లైని నా తలవెంట్రుక చివర ఒక చుక్క జిగురుతో అంటించి, పైనుంచి వేలాడదీశాను. కదలని దాని మీదికి సాలీడు దూకదు, అందుకని వెంట్రుకను కొద్దిగా కదిలించాలి.

వెలుగుకు స్టేషనరీ షాపులో జిలెటిన్ పేపర్లు తెచ్చి తెల్ల బల్బు ముందు కట్టాను. కంటికి చిక్కటి ఆకుపచ్చే. అనుమానం వచ్చి పాత సీడీ ఒకటి ఆ వెలుగు కింద పెట్టి వంచి చూస్తే, ఆకుపచ్చ పట్టీ పక్కనే నీలం, ఆ చివర సన్నగా ఎరుపు కూడా. నా కంటికి ఒకే రంగు, సీడీకి మూడు. సాలీడుకి ఎన్నో! జిలెటిన్ పేపర్ పక్కన పడేశాను.

మార్చి 22

కోఠి, గుజరాతీ గల్లీ. శనివారం కాబట్టి ఇసుకేస్తే రాలనంత జనం.

"అన్నా, ఒకే రంగు ఎల్‌ఈడీ స్ట్రిప్ కావాలి. ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి. రంగులు మారేది వద్దు."

"పెండ్లి డెకరేషన్‌కా అక్కా?"

"కాదన్నా, సాలీళ్ళు చూసే చూపు మీద పరీక్ష."

ఒక్క క్షణం ఆగాడు. "గట్లయితే వాటర్‌ప్రూఫ్‌ది తీస్కోకు. మీద ప్లాస్టిక్ పూత ఉంటది, వెలుగు మసగ్గ వస్తది. సాదాది ఇస్త." అంత పద్ధతిగా ఆలోచించి ఇచ్చాడు. డిమ్మర్ కూడా అక్కడే తీసుకున్నాను.

రాత్రి సీడీ కింద చూస్తే ఎరుపులో ఎరుపే, ఆకుపచ్చలో ఆకుపచ్చే. కానీ ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే ఫ్రేము నిండా నల్లటి అడ్డగీతలు. డిమ్మర్ వెలుగును తగ్గించదు, మన కంటికి అందనంత వేగంగా ఆర్పి వెలిగిస్తుంది. కెమెరాకు అది దొరికిపోయింది. డిమ్మర్ తీసేసి, స్ట్రిప్‌ను పెట్టెకు దగ్గరగా, దూరంగా జరిపే చెక్క పట్టా బిగించాను. వెలుగు తగ్గాలంటే స్ట్రిప్ దూరం జరగాలి, అంతే.

మార్చి 29

ఎర్ర లైటు వేస్తే ఏ సాలీడూ దూకడం లేదు. మూడు సాయంత్రాలు కూర్చున్నాను. పెట్టె అంతా నాకు ఎర్రగా, స్పష్టంగా కనబడుతోంది, గ్రాఫ్ పేపర్ గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. సాలీడు మాత్రం దిమ్మ మీద చీకట్లో నిలబడ్డట్టు నిలబడింది, ముందుకాళ్ళతో తడుముకుంటూ.

నిజంగానే దానికి అది చీకటి. దాని రెటీనా ఎరుపును అందుకునేది చాలా తక్కువ. రెండో స్ట్రిప్, మూడో స్ట్రిప్ కలిపి, దగ్గరికి జరిపాక మొదటి గెంతు వచ్చింది. తర్వాత ఆకుపచ్చను వెనక్కి జరుపుతూ పోయి, సాలీడు దూకడానికి సందేహించే అంచుకు తెచ్చి, అక్కణ్ణుంచి కాస్త ముందుకు తెచ్చాను. రెండు రంగులూ దానికి దాదాపు ఒకే వెలుగు కావాలి. లేకపోతే తక్కువ దూకింది రంగు వల్లో, చీకటి వల్లో తేలదు. ఇప్పుడు నా కళ్ళకు ఎరుపు భగభగ మండుతోంది, ఆకుపచ్చ గుడ్డిదీపంలా ఉంది. అలాగే ఉండాలి.

ఏప్రిల్ 12

కళ్ళు మూసే పని. దూరం లెక్క పెద్ద కళ్ళదేనని తేలాలంటే మిగతా ఆరింటినీ రంగుతో మూసేయాలి. ఇది రాయడానికి చేతులు కుదుటపడాలని రాత్రి దాకా ఆగాను.

సాలీడున్న సీసాను ఐస్ ముక్కల్లో కాసేపు పెడితే మందగిస్తుంది. స్పాంజి ముక్క మీద పడుకోబెట్టి, చిన్న రంధ్రం చేసిన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి, రంధ్రంలోంచి తల ఒక్కటే బయటికి వచ్చేలా పిన్నులు గుచ్చాలి. మైక్రోస్కోపు కింద ఆ ముఖం ఇంత పెద్దదై నన్నే చూస్తుంది. పెద్ద కళ్ళు రెండూ నల్ల గాజు గోళీలు, చుట్టూ నారింజ రంగు వెంట్రుకలు. రంగు వేసే కుంచె నా కనురెప్ప వెంట్రుక ఒకటి, పుల్ల చివర జిగురుతో అంటించింది. నీళ్ళలో కలిసే నల్ల యాక్రిలిక్ రంగు. పెద్ద కళ్ళ పక్కనే ఉన్న రెండింటికీ రంగు పెడుతున్నప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే, వెంట్రుక వాసి అటు జరిగితే పెద్ద కన్నూ పోతుంది. వెనక నాలుగూ కాస్త సులువు.

ఒక్కోదానికి ముప్పావుగంట పట్టింది. ఆరు సాలీళ్ళకు వేశాను. ఏడోది వదిలేశాను, ఆడది, పట్టుసంచి అల్లుకుని గుడ్లు పెట్టింది.

ఏప్రిల్ 27

ఎరుపులో తక్కువ దూకాయి! ఆరింటికి ఆరూ! వీడియోలో చూస్తే ఎరకు ఐదారు మిల్లీమీటర్ల ఇవతల పడి, కంగారుపడి, వెనక్కి చూసి, మళ్ళీ పొంచుతున్నాయి. ఆకుపచ్చలో అయితే నేరుగా ఈగ మీదే. ల్యాబ్‌లో ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకూ చూపించాను.

మే 8

ఏప్రిల్ 27న రాసినదాన్ని కొట్టేయడం లేదు, అలాగే ఉండనిస్తున్నాను. కానీ అది నిలబడదు.

ఇవాళ సాయంత్రం ఊరికే, తెల్ల లైటులో దూకించాను. తెల్లదాంట్లోనూ తక్కువే! అప్పుడు నోటుబుక్కు తిరగేస్తే తప్పు నాదేనని తెలిసింది. ఆకుపచ్చ పరీక్షలన్నీ ల్యాబ్‌కు వెళ్ళే ముందు పొద్దున చేశాను, ఎరుపువి వచ్చాక సాయంత్రం. ఇది మే నెల హైదరాబాదు. పై గది రేకుల కప్పు కింద మధ్యాహ్నం పొయ్యిలా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే వెంట్రుకకు వేలాడే ఈగ ఊగిపోతుంది కాబట్టి ఫ్యాన్ కూడా ఆపేశాను. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదు ఉక్కలో దోమల పొట్టలు కోసి చూస్తూ, విసనకర్ర గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపించి చెమటలు కక్కుతూ కూర్చున్నాడట. ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవి దొరికింది. బేగంపేటలో ఆ భవనం ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, ఆ ఉక్క ఎలాంటిదో ఇప్పుడే అర్థమైంది. ఆయన ఉక్క భరించాడు. నేనూ భరించాను. సాలీళ్ళ సంగతి మాత్రం ఆలోచించలేదు.

సాలీడు కాలు ముడవడానికి కండరాలున్నాయి, ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాపడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాపుతుంది. వెనక కాళ్ళలోకి ఒక్కసారిగా వచ్చే ఆ ఒత్తిడే గెంతు. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకుని పడి ఉండేది అందుకే. పొద్దుటి నుంచి వేడిలో ఎండిన సాలీడుకి ఒంట్లో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, గెంతు పొట్టిదవుతుంది. కన్ను సరిగ్గా లెక్కకట్టినా కాలు అంత దూరం పంపలేదు.

ఆరు డబ్బాల్లోనూ తడి దూది పెట్టాను. ఒకటి వెంటనే వచ్చి దూది మీద నోరు ఆన్చి చాలాసేపు కదలకుండా తాగింది. నా వల్ల ఎన్ని రోజులు దాహంతో ఉందో! గంట తర్వాత తెల్ల లైటులో గెంతు ఈగ మీదికే వెళ్ళింది.

ఇదే ఒత్తిడి సాలీడు మెదడు మీద పనిచేసేవాళ్ళకూ దశాబ్దాలుగా అడ్డం. మెదడు గసగసం గింజంత. సూది గుచ్చడానికి రంధ్రం చేస్తే ఒంట్లోని ద్రవం బయటికి తన్ని సాలీడు చచ్చిపోయేది. 2014లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో గిల్ మెండా, రోనాల్డ్ హోయ్ బృందం, గాయం తనంతట తానే పూడుకునేంత సన్నటి రంధ్రం చేసి, దూకే సాలీడు మెదడు కణాల సంకేతాలు విన్నారు. నాకు పొట్టి గెంతు, వాళ్ళకు చచ్చిన సాలీడు. రెండు చోట్లా ఆ నీటి ఒత్తిడే.

మే 11

కొత్త నియమాలు గోడ మీద రాశాను. పరీక్షకు ముందు నీళ్ళు. పొద్దున మాత్రమే. ఏ రంగు ముందో నేను నిర్ణయించకూడదు, ప్రతి గెంతుకూ నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఎరుపు.

మే 19

గుడ్లు పొదిగాయి. పిల్లలు దాదాపు పారదర్శకంగా ఉన్నాయి, ఇసుకరేణువుల్లా. మైక్రోస్కోపు కింద ఒకదాని తలలోపల రెండు నల్లటి గొట్టాలు కదలడం చూశాను. అటు, ఇటు, మళ్ళీ దగ్గరికి. సాలీడు కదలడం లేదు, చూపు మాత్రం కదులుతోంది. ల్యాండ్ రాసింది, చదివింది, ఎన్నోసార్లు బోర్డు మీద గీసి చెప్పింది అదే. అయినా చూస్తుంటే వేరు. నేను వేలు కదిపితే రెండు గొట్టాలూ వేలి వైపు తిరిగాయి.

2022లో డానియెలా రోస్లర్ బృందం ఇంకో జాతి దూకే సాలీడు పిల్లల్లో ఇలాగే తలలోకి చూసి, అవి రాత్రి నిద్రపోతుండగా ఈ గొట్టాలు ఉండుండి వణుకుతున్నాయని కనిపెట్టింది. మనం కలలు కనేటప్పుడు మూసిన రెప్పల కింద కళ్ళు కదిలినట్టు. అమ్మను పిలిచి మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

జూన్ 10

తొలి వాన. వీధి దీపం చుట్టూ ఉసిళ్ళు, గది నిండా కూడా. రెక్కలు ఊడ్చి ఎత్తిపోశాం. మూతలు సరిగ్గా లేని రెండు డబ్బాల్లోకి ఉసిళ్ళు దూరినట్టున్నాయి, సాలీళ్ళ పొట్టలు బిగిసిన బుడగల్లా ఉన్నాయి. కడుపు నిండిన సాలీడుకి ఎర మీద ఆసక్తి ఉండదు. పదిరోజులు పని లేదు.

జులై 20

బోనాలు. ఆదివారం అని పొద్దున్నే కూర్చున్నాను, కానీ గల్లీలో డప్పు మొదలైంది. దిమ్మ మీదున్న సాలీడు కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. డప్పు ఆగాక కదిలింది. మళ్ళీ మొదలైతే మళ్ళీ ఆగింది. నేను పెట్టె మూసేసి బాల్కనీలోకి వెళ్ళి పోతరాజును చూస్తూ నిలబడ్డాను.

ఈ సాలీళ్ళకు చెవులు లేవు. కాళ్ళ మీది సన్నటి వెంట్రుకలే గాలిలో వచ్చే చప్పుడును పడతాయి. 2016లో అదే కార్నెల్ బృందం, ఇంకో జాతి దూకే సాలీడుకి మూడు మీటర్ల అవతలి నుంచి కూడా లోతైన చప్పుడు వినపడుతుందనీ, విన్నప్పుడు అది బిగుసుకుపోతుందనీ చూపించింది. ఆ చప్పుడు కందిరీగ రెక్కల మోతకు దగ్గరగా ఉంటుంది. డప్పుకు మా గోడలూ బల్లా కూడా అదురుతున్నాయి, కాబట్టి నా సాలీడు గాలిలో విన్నదో, కాళ్ళ కింద అదురు తెలిసి ఆగిందో చెప్పలేను.

కందిరీగ అంటే సాలీడుకి ఎందుకంత భయమో ఈ వారమే చూశాను. కిటికీ మూల మట్టిగూడు ఒకటి ఎండి రాలిపడితే విప్పాను. ఒక్కో గదిలో కుక్కినట్టు సాలీళ్ళు, పైన చిన్న తెల్లటి పురుగు. సాలీళ్ళు చచ్చిపోలేదు. సూదితో తాకితే ఒకదాని కాలి కొస సన్నగా వణికింది. కందిరీగ కుట్టి, కదలకుండా చేసి, పిల్లకు తిండిగా దాచింది. భ్రమరకీటక న్యాయం అని పెద్దవాళ్ళు చెప్పేది గుర్తొచ్చింది: తుమ్మెద మట్టిగూట్లో పురుగును పెట్టి ఝుమ్మని నాదం చేస్తే, ఆ పురుగే తుమ్మెదగా మారి వస్తుందని. గూట్లోకి వెళ్ళింది ఒకటి, బయటికొచ్చింది ఇంకొకటి. వాళ్ళు చూసింది నిజమే. మధ్యలో గుడ్డు ఒకటుందని, లోపలిది తిండి అయిందని గూడు విప్పితేగానీ కనబడదు.

ఆగస్టు 17

నెలరోజులుగా పొద్దుటి పూటలు ఒక్కటీ వదల్లేదు. నీళ్ళు, నాణెం, గెంతు, వీడియో. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అమ్మాయిని కొలతలు తీయమని అడిగాను. వీడియోలన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసి, పేర్లు తీసేసి, అంకెలు మాత్రం ఉంచి ఇచ్చాను. ఏది ఎరుపో, ఏది ఆకుపచ్చో తనకు తెలియదు. నాకు కొలతలు తెలియవు. ఇవాళ మా ఇంటికే వచ్చింది, ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని నా కాగితం, తన కాగితం పక్కపక్కన పెట్టాం.

"మేడం, పన్నెండోది చెప్పండి."

"ఎరుపు."

"నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. పదమూడు?"

"ఆకుపచ్చ."

"సరిగ్గా ఈగ మీదే."

అలా చివరిదాకా చదివాం. అమ్మ టీ తెచ్చి అక్కడే కూర్చుంది. ఆరు సాలీళ్ళలో ఐదు, ఎరుపులో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు తక్కువ పడ్డాయి. ఏప్రిల్‌లో వచ్చినంత పెద్ద తేడా కాదు. దానిలో దాహం వాటా ఎంతో ఇప్పుడు కనబడుతోంది. మిగిలిన ఈ తేడా చిన్నదే, కానీ నీళ్ళు తాగిన సాలీడుది, పొద్దుటి చల్లదనంలో వచ్చింది, ఏ రంగో తెలియని చేతులు కొలిచింది.

ఆరోది, కందిపప్పు డబ్బా మీద దొరికిన మగది, రెండు రంగుల్లోనూ ఈగ మీదికే దూకింది. ఒకసారి కూడా తప్పలేదు.

ఆగస్టు 18

రాత్రి దాన్ని ఐస్‌లో పెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. పెద్ద కళ్ళ పక్కనున్న ఎడమ కంటి మీద రంగు లేదు. నోటి పక్కనుండే పొట్టి కాళ్ళలాంటి పాల్ప్‌లతో ముఖం తుడుచుకుంటూ తుడుచుకుంటూ పెచ్చు ఊడగొట్టుకున్నట్టుంది, అంచు మాత్రం నల్లగా మిగిలింది. ఆ కన్ను దానికి సాయం చేసిందో, లేక ఈ సాలీడే అందరిలా కాదో, ఈ ఒక్కదాన్ని చూసి చెప్పలేను. మిగతా ఐదింటినీ కూడా చూశాను, వాటి రంగు పోలేదు.

మళ్ళీ రంగు వేశాను, ఈసారి రెండు పూతలు. పొద్దున్నే పెట్టెలోకి అదే ముందు. డబ్బాలో తడి దూది పెట్టి దీపం ఆర్పేసరికి దూది దగ్గరికి చేరింది.